బాగున్న కాలు

...బాగున్న కాలిని కొయ్యడమేమిటి, పాడైంది ఎడమది కదా, దాన్ని వదిలేసి ఏ పాపమూ ఎరగని కుడికాలికి కత్తి పెడతామంటే కళ్ళకద్దుకుని సంతకం చెయ్యడానికి నేనేమైనా గడ్డి తింటున్నానా, పైగా ఆ నర్సు అట్టకి బిగించిన కాగితం నా ఒళ్ళో పడేసి పోయింది, చదువుకుని పెట్టండి సార్, తొమ్మిదికి పాపని లోపలికి తీసుకెళ్ళాలి అని, మీటరు చూడ్డానికొచ్చిన కరెంటు మనిషికి పెట్టే సంతకమనుకుంది కాబోలు, గోడ గడియారంలో ఎనిమిదింపావు, కాగితం మీద నీలం సిరాతో కుడి మోకాలు, పైన, కింద అని రాసి ఉంది, కుడి అన్న మాట కింద రెండు గీతలు కూడా కొట్టారు, పొరపాటున ఎడమది కొయ్యకుండా జాగ్రత్తట, అంటే జబ్బు కాలికి పొరపాటున కూడా వైద్యం జరక్కూడదు, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఇక్కడ ఆ మందు కూడా వెయ్యరు, నేరుగా ఉన్న నాలుకే ఊడదీస్తారు, తలుపు అద్దంలోంచి చూస్తే మా పిడుగు ఆకుపచ్చ గౌను తొడుక్కుని మంచం మీద కాళ్ళూపుతూ కూర్చుంది, పదకొండేళ్ళ పిల్ల, దానికి భయం లేదు, పక్కన దాని తల్లికీ భయం లేదు, జడ విప్పి మళ్ళీ అల్లుతోంది, ఇంట్లో ఉన్న మంటంతా నా ఒంటికే రాసిపెట్టారు.

మా ఆవిడ సంతకం కూడా చెల్లుతుంది, నర్సు ఆ మాట చెప్పింది, తల్లైనా తండ్రైనా ఒకటే అని, కానీ ఆవిడ పెట్టదు, పొద్దున్న బస్సు దిగగానే అంది, నేను పెడితే రేపు ఏం జరిగినా నా నెత్తిన రుద్దుతారు, చచ్చేదాకా అదే పాట పాడతారు, మీరే పెట్టండి, పెట్టకపోతే అదీ మీరే దానికి చెప్పండి అని, అంత మాటంది, నేను ఎవరి నెత్తిన ఏం రుద్దానని, ముప్పై ఏళ్ళుగా మనుషుల పాదాలు పట్టుకుని చెప్పులు కుడుతున్నవాణ్ణి, పాదం చేతిలో పెడితే మనిషి ఎటు ఒరుగుతాడో, ఏ మడమ ముందు అరుగుతుందో చెప్పగలను, పిల్లల చెప్పులకి ముందర బొటనవేలంత చోటు వదలాలని, ఎదిగే పాదానికి బిగువు చెప్పు తొడిగితే పాపమని మా నాన్న నేర్పిన పాఠం, అలాంటి నా కూతురికే ఒక కాలు ఎదిగి ఒక కాలు ఆగిపోయింది, దాని ఎడమ బూటు అడుగున రబ్బరు షీటు మీద షీటు అతికిస్తున్నది ఎవరు, ఈ డాక్టర్లా, నేనే, కొట్లో దాన్ని గోడకి నిలబెట్టి ఎడమపాదం కింద అట్టలు పేరుస్తాను, ఒక్కో అట్ట మూడు మిల్లీమీటర్లు, రెండు వైపులా నడుం ఎముకల మీద నా బొటనవేళ్ళు పెట్టి అవి సమానమయ్యేదాకా పేర్చి, ఎన్ని పట్టాయో లెక్కపెట్టి, అంచులు చెక్కి, రంగు వేసి, చూసినవాళ్ళకి రెండు బూట్లూ ఒకటే అనిపించేలా కుడతాను, బళ్ళో సగం మందికి ఇప్పటికీ తెలీదు, మా బామ్మర్దికే ఏడాది పట్టింది కనిపెట్టడానికి, వాడికి పక్కింటి పెళ్ళి సంగతి ఇంటివాళ్ళకంటే ముందు తెలుస్తుంది మరి.

అసలు దీనికంతటికీ మూలం ఆ మూడు పెన్నులవాడు, పేరు తల్చుకోవడం కూడా దండగ, జేబులో మూడు పెన్నులు పెట్టుకుని ఒక్కదానితో కూడా రెండు ముక్కలు సరిగ్గా రాయని డాక్టరు, అప్పుడు దీనికి ఎనిమిదేళ్ళు, బడి ఇనుప గేటెక్కి నలుగురు పిల్లలు ఊగుతున్నారు, గేటు గోడకి కొట్టుకుంది, ఊచల మధ్య ఇరుక్కున్న దీని కాలు మోకాలి దగ్గర మెలి తిరిగింది, భుజాన వేసుకుని పరుగెత్తాను, ఆ ఆస్పత్రిలో రెండు గంటలు బెంచీ మీద, ఇది ఏడవలేదు, పెదవి కొరుక్కుని నా చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుంది, ఎక్స్-రే ఫిల్ము వచ్చింది, మోకాలి పైన అడ్డంగా నల్లగీత కనిపించింది నాకు, వేలుపెట్టి చూపించాను, సార్ ఇదిగో విరిగింది ఇక్కడ అని, నవ్వాడు, పక్కనున్న కుర్ర డాక్టరు వైపు చూసి మరీ నవ్వాడు, అది పిల్లలందరికీ ఉంటుందయ్యా, విరగలేదు, బెణికింది అంతే, చెప్పులు కుట్టుకునేవాడివి నీకెందుకు ఫిల్ముల గోల అన్నాడు, కట్టు గుడ్డ రాశాడు, పొమ్మన్నాడు, మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంటారు అనడిగాను, ఈ నోటితో అడిగి ఈ చెవులతోనే విన్నాను, అక్కర్లేదన్నాడు, బెణుకుకి కూడా పదిసార్లు తిరుగుతారా అన్నాడు, వేలు పెట్టి నొక్కితే ఆ చోట పిల్ల ఒళ్ళంతా బిగుసుకుంటోంది సార్ అని నేనంటుంటే తరవాతి మనిషిని పిలిచాడు, మూడు వారాలకి కుంటడం మానేసింది, మేమూ మర్చిపోయాం, ఆరు నెలల తరవాత ఒకరోజు కొట్లో బూట్లు తొడిగి నిలబెడితే గౌను అంచు ఒక పక్కకి జారినట్టుంది, అంచు సరిచేశాను, మళ్ళీ జారింది, గౌనుది కాదు లోపమని అప్పటికి తట్టలేదు నాకు, దర్జీని తిట్టుకున్నాను.

ఈ డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది పోయినేడు, మంచిదే, కాదనను, పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి తెల్లకాగితం మీద బొమ్మ గీసింది, నాకు కాదు, దానికే చెప్పింది, ఎముకంటే రాయనుకుంటున్నావా, రాయి పెరగదు కదా, అమ్మ కడుపులో ఉన్నప్పుడు నీ తొడ ఎముక మొదట ఎముకే కాదు, మెత్తటి మృదులాస్థి, నీ చెవి పైన పట్టుకుని వంచి చూడు, వంగిందా, అలాంటిది, అంది, ఇది చెవి వంచుకుంది, నేనూ వంచుకున్నాను, మా ఆవిడ నన్ను చూసి కళ్ళురిమింది, తరవాత నడుమ నుంచి సున్నం పట్టి గట్టిపడుతూ వస్తుందట, కానీ చివర్ల దగ్గర పల్చటి పొర ఒకటి మెత్తగానే మిగిలిపోతుంది, ఆ పొరలో కణాలు పళ్ళేలు దొంతర పెట్టినట్టు నిలువుగా ఉంటాయి, పైవి పుడుతుంటాయి, కిందివి ఉబ్బి చచ్చిపోతుంటాయి, ఆ చచ్చిన చోట ఎముక కట్టుకుంటుంది, అలా కాలు పొడుగవుతుంది, అందుకే ఎముక మధ్యలో పెరగదు, చివర్లలో పెరుగుతుంది, మెత్తగా ఉన్నది ఫిల్ములో పడదు కాబట్టి అక్కడ నల్లగీత కనిపిస్తుంది, నువ్వు పెద్దయ్యాక ఆ పొర కూడా ఎముకైపోతుంది, ఇక పెరగడం ఉండదు, అంది, చచ్చిపోయిన వాటి మీదే ఎముక కడుతుందా డాక్టర్ అనడిగింది మా పిడుగు, అవునమ్మా, వాటి గోడలు మిగులుతాయి, వాటి మీదే కడుతుంది, మరి మా నాయనమ్మ ముక్కు ఇంకా పెరుగుతోంది కదా, డెబ్భై ఏళ్ళొచ్చాక కూడా, అంటే డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి మరీ నవ్వింది, ముక్కూ చెవులూ ఎప్పటికీ మెత్తగానే ఉంటాయిలే, నాయనమ్మని ఏమనకు అంది, నేనూ నవ్వాను, ఆ కాసేపు బాగుంది, కాదనను, తరవాత ఎడమకాలి ఫిల్ము దీపం మీద పెట్టింది, నల్లగీత నడుమ తెల్లటి ముద్ద, గేటులో నలిగినప్పుడు ఆ మెత్తటి పొర చితికి, మానేటప్పుడు అక్కడ ఎముకే వంతెన కట్టేసింది, అందుకే పై ముక్కనీ కింది ముక్కనీ కుట్టేసినట్టు ఆగిపోయింది, సగానికి పైగా కట్టేసింది, ఇక తీసినా లాభం లేదు, అంది.

అక్కడిదాకా విన్నాను, తల ఊపాను, ఇక అసలు సంగతి చెప్పింది, మంచి కాలికి మోకాలి పైనా కిందా రెండు పక్కలా చిన్న గాట్లు పెట్టి ఆ మెత్తటి పొరల్ని గీకేస్తాం, అది పెరగడం ఆపుతుంది, ఎడమది మోకాలి కింద ఇంకా పెరుగుతుంది కాబట్టి నెమ్మదిగా వచ్చి దీన్ని అందుకుంటుంది అని, ఎవడైనా పొట్టిదాన్ని పొడుగు చేస్తాడు గాని పొడుగుదాన్ని ఆపుతాడా అన్నాను, పొడుగు చెయ్యొచ్చండీ, ఎముక కోసి, చుట్టూ ఇనప చట్రం కట్టి, లోపలికి తీగలు గుచ్చి, రోజుకో మిల్లీమీటరు తిప్పుతూ నెలల తరబడి, చీము పట్టొచ్చు, మోకాలు బిగుసుకుపోవచ్చు, ఇంత తేడాకి అంత శిక్ష పిల్లకెందుకు, తేడా ఐదు సెంటీమీటర్లు దాటితే అప్పుడు అదే గతి, అంది, తప్పు చేసినవాడు ఏసీలో కూర్చుంటాడు, ఏ తప్పూ చెయ్యని కాలికి శిక్ష, ఇదెక్కడి న్యాయం, అని లేచాను, గొంతు పెరిగింది, బయట బెంచీల మీదివాళ్ళు తలలు తిప్పారు, ఆ మూడు పెన్నులవాడు ఆ రోజే చూసి ఉంటే అన్నాను, అప్పుడు ఆవిడ ఒక మాటంది, ఆ మాట మాత్రం నేను చచ్చినా మర్చిపోను, ఆ రోజు ఫిల్ములో అది కనిపించదండీ, నలిగిన మృదులాస్థి ఫిల్ములో పడదు, నేనున్నా కనిపెట్టేదాన్ని కాదేమో, కానీ మూడు నెలలకొకసారి రమ్మనేదాన్ని, ఆయన రమ్మనకపోవడం తప్పే, అంది, డాక్టరుకి డాక్టరు వత్తాసు, దొంగలూ దొంగలూ ఊళ్ళు పంచుకున్నట్టు, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను, అది వెనక్కి తిరిగి ఆ బొమ్మ గీసిన కాగితం కావాలంది, వద్దన్నాను.

ఆ కోపంలోనే వెళ్ళాను అర్జీలు రాసే ఆయన దగ్గరికి, నాక్కావలసింది పైసలు కాదండీ, తప్పు చేశానని వాడు ఒప్పుకోవాలి, అంతే, అన్నాను, ఆయన ముక్కుపొడి పీల్చి మొత్తం విన్నాడు, పేజీలు పేజీలు రాశాడు, చివర్న, కాగితాలదేముందయ్యా, వాళ్ళ దగ్గరా కాగితాలున్నాయి, డాక్టర్ల మీద ఫిర్యాదులు వినే కమిటీ ఉంది, పాపని వాళ్ళ ముందు నడిపించు, చెప్పుల్లేకుండా, కళ్ళతో చూస్తే ఇక మాటెందుకు, అన్నాడు, నడిపించాను, పెద్ద బల్ల వెనక ఐదుగురు కూర్చున్నారు, నున్నటి గచ్చు, నేను వంగి దాని బూట్ల తాళ్ళు విప్పాను, నడువమ్మా అన్నాను, ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది, ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు, ఇంకోసారి అన్నారు, మళ్ళీ నడిచింది, కళ్ళద్దాల ఆవిడ ఏదో రాసుకుంది, మూడోసారి నేనే అడిగాను, ఆ ఫోనాయన చూడలేదు సార్, ఇంకోసారి నడుస్తుంది అని, వాళ్ళ ముఖాలు మారాయి, నా కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు, నిజంగానే చల్లబడింది, ఇన్నేళ్ళలో మొదటిసారి నా మాట నమ్మారు, ఇంటికెళ్ళాక మా ఆవిడ అన్నం వడ్డించి తను తినలేదు, పిల్లని అలా నడిపిస్తారా, అని మాత్రం అని అటు తిరిగి పడుకుంది, న్యాయం కావాలంటే కొంచెం నడవాలి మరి, రెండో విచారణ వచ్చే నెల, మూడు పెన్నులవాణ్ణి కూడా పిలిచారట, వాడొచ్చి ఎదురుగా కూర్చోవాలి, నా కూతురు వాడి ముందు నడవాలి, ఆ నవ్వు ఎటు పోతుందో చూడాలి, అందుకోసమే బతుకుతున్నాను ఈ ఏడాదంతా, మధ్యలో మా ఆవిడ పట్టుబట్టి మళ్ళీ ఈ డాక్టరమ్మ దగ్గరికే తీసుకొచ్చి పెట్టించిన ఈ ఆపరేషన్ ఒకటి.

డాక్టరమ్మ ఇటే వస్తోంది, టోపీ పెట్టుకుంది, చేతిలో టీ గ్లాసు, పక్కన కూర్చుంది, పెట్టలేదా అంది కాగితం చూసి, చదువుతున్నాను అన్నాను, చదవండి, తొందరేం లేదు, అని, మళ్ళీ, ఉంది, తొందరుంది, అంది, నిన్న దాని చేతి ఎముకల ఫిల్ము చూశాను, ఇంకా రెండున్నరేళ్ళు పెరుగుతుంది, ఆ పెరుగుదలే మన దగ్గరున్న మందు, అది అయిపోతే నేనేం చెయ్యలేను, ఇప్పుడు తేడా రెండు పాయింట్ ఏడు సెంటీమీటర్లు, వదిలేస్తే ఐదు దాటుతుంది, ఈ రోజు చేస్తే చివరికి ఒక సెంటీమీటరు లోపు మిగులుతుంది, బూటుకి ఏ షీటూ అక్కర్లేదు, పరుగెత్తుతుంది, కొంచెం పొట్టిగా ఉంటుంది, ఉంటే ఏం, నేనూ పొట్టిదాన్నే, అంది, ఒక సెంటీమీటరు మిగలడమేమిటి, పోయినేడు సమానమవుతాయన్నారుగా అని పట్టుకున్నాను, మాట మారిస్తే ఊరుకుంటానా, ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది, పోయినేడు చేసుంటే సమానమయ్యేవండీ, అంది, లేచి చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయింది, చూడండి, పుండు మీద కారం చల్లి ఎంత నెమ్మదిగా వెళ్ళిపోయిందో, పోయినేడు, పోయినేడు నా కొట్లో ఆరు అట్టలు పట్టాయి, మొన్న తొమ్మిది, అవి నా చేత్తో నేనే పేర్చాను, ఎవరో చెప్పిన లెక్క కాదు, మధ్యలో పెరిగిన మూడు అట్టలూ మూడు పెన్నులవాడివి కావు, వాడివి మొదటి ఆరు, ఈ మూడూ ఎవరివి, ఆ రోజు గది అదిరేలా అరిచి పిల్లని లాక్కొచ్చింది ఎవరు, సరే, నావే, నావే అనుకుందాం, అయితే మాత్రం, నేను పిల్ల మంచి కాలిని కాపాడుకోవాలనే కదా, తండ్రన్నవాడు ఆమాత్రం కొట్లాడకపోతే, బాగున్నదాన్ని ఎవరు ముట్టుకోనిస్తారు, ఎవరైనా నాలాగే.

తలుపు తెరుచుకుంది, పిడుగు చెప్పుల్లేకుండా నడుచుకుంటూ వచ్చింది, చల్లటి గచ్చు మీద ఒక అడుగు చప్పుడు, ఒక అడుగు కొంచెం ఆలస్యంగా, గౌను వెనక ముడి ఊడి వేలాడుతోంది, వచ్చి నా పక్కన కూర్చుని కాగితంలోకి తొంగి చూసింది, ఇంకా పెట్టలేదా నాన్నా, పెడతాలే, అమ్మ ఏదే, నీళ్ళకి వెళ్ళింది, నాకు ఆకలేస్తోంది, ఏం పెట్టకూడదన్నారు, ఊరుకో, గంటలో అయిపోతుంది, అన్నాను, నా చొక్కా గుండీ పట్టుకుని తిప్పసాగింది, ఏంటే, అన్నాను, నాన్నా, ఒకటడగనా, నువ్వు తిట్టకూడదు, అంది, తిట్టనులే, అడుగు, కాళ్ళు సమానమైపోతే నీ కేసు పోతుందా, అంది, ఏం కేసే, అన్నాను తెలియనట్టు, అదే, కమిటీ వాళ్ళ ముందు నడవాలి కదా వచ్చే నెల, అప్పుడు నేను బాగా నడిస్తే వాళ్ళు నువ్వు అబద్ధం చెప్పావనుకుంటారు కదా, అందుకే నువ్వు సంతకం పెట్టట్లేదని నాకు తెలుసు, ఏం పర్లేదు నాన్నా, వెంటనే సమానమవదని డాక్టర్ చెప్పింది, ఒకవేళ అయిపోయినా నేను కుంటుతాలే, నాకు వచ్చుగా, మూడోసారి నడిచినప్పుడు కూడా కొంచెం ఎక్కువే కుంటాను, నువ్వు చూళ్ళేదా, అంది, నేను చూళ్ళేదు, ముఖాలు చూస్తున్నాను నేను, ఆ ఐదుగురి ముఖాలు, గుండీ వదిలేసి నా చేతి మీద చెయ్యి వేసింది, పదకొండేళ్ళ పిల్ల నన్ను ఓదారుస్తోంది, నీ కేసు అంది, మన కేసు అనలేదు, నా కేసు కోసం ఎక్కువ కుంటింది, మా ఆవిడకి తెలుసు, అర్జీలాయనకి తెలుసు, అటు తిరిగి చేతులు కడుక్కుంటున్న ఆ డాక్టరమ్మకీ తెలిసే ఉంటుంది, తెలియందల్లా నాకే, ఏడాదిగా అడ్డంపడి, అరిచి, పిల్ల చెయ్యి పట్టి లాక్కొచ్చి నేను కాపాడుకుంటూ వస్తున్నది దాని కుడికాలిని కాదు, దాని కుంటి నడకని.